జిప్సీకి రెండు సీట్లు

ఆటోనగర్‌లో ఒక్కసారైనా పని చేయించుకున్నవాళ్ళకు మేస్త్రి చెప్పే "రేపు" ఎంత దూరంలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. చేయించుకోనివాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకు చెప్పి మనసు పాడుచేయడం దేనికి? అందుకని నేరుగా నా గోడులోకి వస్తాను.

నా జిప్సీ మూతి పైకెత్తుకుని జాకీల మీద నిలబడి ఉంది. ముందు ఇరుసు హౌసింగు ఊడొచ్చి పక్కన నేల మీద పడుంది. దాన్ని ఆనుకుని ఓ కుక్క కాపురం పెట్టింది. ఇంజను బాగుంది, గేరుబాక్సు బాగుంది, బ్యాటరీ మొన్ననే మార్చాను. బండి కదలకపోవడానికి కారణం రెండే రెండు ఇనప సీట్లు. మనం కూర్చునేవి కాదు, కమాన్ కట్ట, అంటే స్ప్రింగు పట్టీల కట్ట, కూర్చునేవి. ఒక్కోటి అరచేతిలో ఇమిడిపోతుంది. అవి లేక టన్ను బరువున్న బండి దినాలు లెక్కపెడుతోంది.

జిప్సీ మన దేశంలో 1985లో దిగింది. మూడు దశాబ్దాలకు పైగా అమ్మారు. ఆ మధ్యలో ఇంజను మారింది, పేరుకు కింగ్ అని తోక తగిలింది, కమాన్లు మాత్రం కమాన్లుగానే ఉండిపోయాయి. ఈ బండిలో కమాన్ కట్ట హౌసింగు కిందుగా పోతుంది. నెల్లూరు దగ్గర మైపాడు అవతల రొయ్యల గుంటల గట్ల మీద, అందులోనూ వానపడ్డ మర్నాడు, ఆ కట్టా దాని కింది ప్లేటూ నాగలి కర్రులా గట్టును దున్నుకుంటూ పోతాయి. గట్టు నాదైతే నాకు నష్టం, పక్కవాడిదైతే పంచాయితీ. దీనికి మందు ఒకటే: కమాన్ కట్టను హౌసింగు కింద నుంచి తీసి పైకెక్కించడం. బండి దాదాపు ఐదంగుళాలు లేస్తుంది, పెద్ద టైర్లకు చోటు దొరుకుతుంది. ఇదే బండిని అమెరికాలో సమురాయ్ అన్నారు, ఆస్ట్రేలియాలో సియెర్రా అన్నారు. అక్కడివాళ్ళు ఈ పని ఎప్పుడో మరిగారు. అక్కడ సీట్లు అట్టపెట్టెలో పెట్టి, బోల్టులతో సహా అమ్ముతారు. ఇక్కడ మనమే పుట్టించుకోవాలి.

సీట్లు పుట్టలేదు గానీ సలహాలు మాత్రం పుట్టలు పుట్టలుగా పుట్టాయి. పక్కింటాయన సాయంత్రం నడకలో రోజూ ఆగి, "జిమ్నీ కొనేయొచ్చు కదండీ, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులేనంట" అంటాడు. నిజమే. 2023 జూన్‌లో వచ్చిన ఆ బండి ధర 12.74 లక్షల దగ్గర మొదలైంది. రెండు ఇనప ముక్కలు దొరకలేదని పన్నెండు లక్షలు పెట్టమనే మనిషి చేతిలో నా ఆస్తి లేనందుకు సంతోషం. వకీలు పని చేసే మా బావ ఇంకో అడుగు ముందుకేశాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అన్నాడు. కంపెనీ తయారుచేసిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందన్నాడు. ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, కాదంటే ఆరు నెలల దాకా జైలు, గట్టిగా మాట్లాడితే రెండూ.

"నా బండి ఆర్.సి. గడువు ఎప్పుడో తీరిపోయింది బావా. అది తారురోడ్డు ఎక్కదు. ఇక్కడికి కూడా ట్రాక్టరు ట్రక్కులో పడుకునే వచ్చింది. గుంటల గట్టు రోడ్డెట్టవుద్ది?" అన్నాను.

"అది సరే, రెండు సీట్లంటే ఒక మార్పా, రెండు మార్పులా?" అని బావ ఆలోచనలో పడ్డాడు. ఇంకా తేలలేదు. కాఫీలు మాత్రం నా లెక్కలో పడుతున్నాయి.

ఇక మేస్త్రి. పనిమంతుడు, అందులో అనుమానం లేదు. కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీల విరిగిన కమాన్ పట్టీలు ఆ వీధిలో గుట్టలుగా పడుంటాయి. "సార్, ఆ పట్టీ ముక్క కోసి సీటు చేసేస్తా. ఊరికే వచ్చే ఇనుము, చావు లేదు దానికి" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. మామూలు ఇనప ప్లేటులో కార్బన్ పావు శాతం లోపే ఉంటుంది. కమాన్ ఉక్కులో అర శాతం దాటుతుంది. అందువల్లే దానికి ఆ స్ప్రింగు గుణం, అందువల్లే దాన్ని మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే అతుకు పక్కనున్న ఉక్కు గబుక్కున చల్లారి పెళుసెక్కుతుంది. మొదటి గతుకులో కాకపోతే పదో గతుకులో పగులుతుంది. అదంతా చెప్పాను. మేస్త్రి శ్రద్ధగా విని, "మా ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టే కత్తులన్నీ ఆ పట్టీతో చేసినవే సార్. కత్తికి పనికొచ్చింది జీపుకు పనికిరాదా?" అన్నాడు. దీనికి నా దగ్గర సమాధానం ఉంది గానీ, అది చెప్పడానికి లోహశాస్త్రం చాలదు, ఓర్పు కూడా కావాలి.

సరే, ఎనిమిది మిల్లీమీటర్ల మామూలు ప్లేటుకు ఒప్పించాను. అసలు కథ అక్కడ మొదలైంది. అంటే, టేపు కథ.

ఆ షెడ్డులో ఒకే ఒక్క టేపు ఉంది. దానికి మొదటి మూడంగుళాలు లేవు. ఎలా పోయాయన్నదానికి షెడ్డులో మూడు కథనాలున్నాయి. గ్యాస్ కటింగ్ చేసేటప్పుడు ప్లేటుతో పాటు టేపు కూడా తెగిందని ఒకటి. ఎదురు షెడ్డు టర్నరు అడిగి తీసుకెళ్ళి అలా తెచ్చిచ్చాడని ఇంకొకటి. కొన్నప్పుడే అలా ఉందని మూడోది. ఇది షాపువాడి మీద కోపంతో పుట్టింది కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఎలా పోతేనేం, మూడు కలుపుకుని గుర్తు పెడితే సరిపోతుంది. అందరికీ అలవాటైపోయింది.

కొలత కాగితం నేను సెంటీమీటర్లలో రాసిచ్చాను, సుజుకీ జపాను బండి కాబట్టి. ఎడమ పక్క మేస్త్రి గుర్తు పెట్టాడు. మనసులోనే సెంటీమీటర్లను అంగుళాల్లోకి మార్చి, మూడు కలిపి, సుద్దతో గీత గీశాడు. కుడి పక్క షెడ్డు కుర్రాడు గీశాడు. తర్వాత ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

"ఎక్కడో తేడా కొడతాంది రా. మూడు కలిపావా?"

"కలిపా మామా."

"మూడేంది?"

"మూడే."

ఆ మూడు సెంటీమీటర్లు. పోయినవి మూడంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు. కలిపింది మూడు. కుడి గీత 4.62 సెంటీమీటర్లు లోపలికి జరిగింది. దాన్ని లెక్కకట్టి చెప్పినందుకు ఇద్దరూ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. లెక్క తప్పింది వాళ్ళకైనా, నేరం నాదన్నట్టుగా ఉంది ఆ చూపు.

పోనీ అక్కడితో ఆగిందా? మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. ఆటోనగర్‌కు ఆ కబురు ఇంకా పూర్తిగా అందలేదు. ఈ చిన్న సీటు ఒక్కటి చూడండి. ప్లేటు మందం మిల్లీమీటర్లలో కొన్నాం. దాని పొడవు అంగుళాల్లో చెప్పారు. యూ బోల్టు లావు నూళ్ళలో అడిగారు. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. వెల్డింగు రాడ్డు పది గేజి. సీటు హౌసింగు మీద ఎక్కడ కూర్చోవాలన్నది జానెడు మీద బెత్తెడు. ఎంత వాలాలన్నది "రవ్వంత". ఇన్ని కొలతలు ఒక్క ఇనప ముక్కలో కాపురం చేస్తుంటే అది సాఫీగా కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటుంది? నేను కొత్త టేపు కొనిపెట్టాను, ఐదు మీటర్లది, పసుపు రంగుది. మర్నాటికి లేదు. ఎదురు షెడ్డుకు పోయింది, అక్కడి నుంచి రేడియేటర్ల షాపుకు, అక్కడి నుంచి సీటు కవర్లు కుట్టేచోటికి. ఆటోనగర్‌లో టేపు సొంత ఆస్తి కాదు, ఊరుమ్మడి చెరువు. తిరిగొచ్చేసరికి దాని కొక్కెం వంగిపోయి ఉంది. పాత టేపు మేలు, దాని లోటు ఎంతో తెలుసు.

ఇక ఆ "రవ్వంత" వాలు సంగతి. ముందు చక్రాల ఇరుసు తల మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. అలా ఉంటేనే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను తిరిగొస్తుంది. లేదంటే బండి బక్కింగ్‌హామ్ కాలువను ఎటు పడితే అటు దాటబోతుంది. మరీ ఎక్కువ వాల్చితే డిఫరెన్షియల్ మూతి కిందికి పోయి, అసలే ఎత్తుకెక్కిన బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు కొట్టుకుంటుంది. రెంటినీ తృప్తిపరచలేం. ఎవరికి ఎంత కోపం తెప్పించాలో సీటు అతికించకముందే తేల్చుకోవాలి. డిగ్రీలు చూద్దామని నా ఫోనులో యాప్ తెరిచి హౌసింగు మీద పెట్టాం. సరిగ్గా అప్పుడే వ్యక్తిగత రుణం కావాలా అంటూ కాల్ వచ్చింది. ఫోను గజగజ వణికి, జారి, గేరాయిలు డబ్బాలో పడింది. మేస్త్రి దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెడుతూ, "కంటి కొలతకు తిరుగులేదు సామీ. మీరే ఏందేందో అంటున్నారు" అన్నాడు.

ఈలోగా మన ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. గ్రైండింగ్ చేసి తెల్లగా పెట్టిన ప్లేటు ముక్కలు ఎర్రబడ్డాయి. మళ్ళీ గ్రైండింగ్. మళ్ళీ ఎరుపు. ఈ లెక్కన ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు వెల్డింగు ముహూర్తానికి ఎంత మిగులుతుందో మా బావే చెప్పాలి.

నా విసుగు ఇక్కడితో ఆగలేదు. నెల్లూరు నుంచి హైవే మీద దక్షిణంగా తడ దాకా పోతే శ్రీసిటీ. అక్కడ 2016 నుంచి ఇసుజు వాళ్ళు పికప్ బండ్లు చేస్తున్నారు. ఆ డీమాక్స్ వెనకాల ఉన్నవీ కమాన్ కట్టలే, వాటికీ సీట్లుంటాయి. అవి ఒకదానికొకటి సమానంగానే ఉంటాయి. అది అన్నాను, కాస్త గట్టిగానే.

మేస్త్రికి కోపం రాలేదు. వాళ్ళ అబ్బాయి శ్రీసిటీలోనే ఏదో కంపెనీలో చేస్తున్నాడట. వెల్డింగే. మిషను చేస్తుంది, వాడు పక్కన నిలబడి చూస్తాడు. చూడ్డానికే కళ్ళద్దాలు, ముసుగు, చేతితొడుగులు అన్నీ ఇచ్చారట. ఈయన ఇన్నేళ్ళూ చేసింది నల్లద్దం ఒక చేత్తో, హోల్డరు ఇంకో చేత్తో. ఒక్క టాక్ అతుకు పెట్టడానికి అద్దం ఎందుకని మొహం పక్కకు తిప్పుకుని చేసినవి ఎన్నో. ఆ వెలుగు కంటిపొరను కాలుస్తుంది. ఆ రాత్రి కళ్ళు మండి నిద్రపట్టదు, తెల్లారి మళ్ళీ అదే పని. అప్పుడు గమనించాను, టేపు అంకెలు ఆయన చదవడం లేదు. చెయ్యి చాచి దూరంగా పెట్టి చూసి, దగ్గరికి తెచ్చి చూసి, చివరికి కుర్రాడి చేతికిస్తాడు. అంగుళాల పక్క అంకెలు కాస్త పెద్దవి కాబట్టి ఆ పక్కే వాడతాడు. కంటి కొలత అంటే పొగరనుకున్నాను. కుర్రాడు లేనప్పుడు ఆయనకు మిగిలేది అదొక్కటే.

చూపుకు అద్దాలు తీసుకోమన్నాను. "నిప్పురవ్వలు పడి పాడైపోతాయి సార్" అన్నాడు. నా పనికి అడ్వాన్సు ఇచ్చినప్పుడు ఒక్క రూపాయి ఎక్కువడగని మనిషి ఆయన. అక్కడితో ఆ మాట ఆపేశాం, ఇద్దరికీ ఇబ్బందిగా ఉంది.

ఇప్పటి పరిస్థితి ఇది. ఎడమ సీటు టాక్ వెల్డింగ్‌తో నిలబడింది. కుడిది గీత దగ్గరే ఉంది, సరైన గీత. పూర్తి వెల్డింగు ఇప్పుడే వద్దని పట్టుబట్టాను. చక్రాలు బిగించి, బండి బరువు కమాన్ల మీద పడ్డాక వాలు చూసుకోవాలి. ఆ తర్వాత అటు కాస్త ఇటు కాస్త చల్లారనిస్తూ అతకాలి. ఒకేచోట లాగించేస్తే హౌసింగు పైపే వంకర పోతుంది. అదయ్యాక బ్రేకు హోసులు పొడుగువి వేయాలి, స్టీరింగు రాడ్డు కమాన్ కట్టకు తగలకుండా మెలిక తిప్పించాలి. దాని గురించి మేస్త్రి అప్పుడే "అది పెద్ద పని కాదు సార్" అన్నాడు. ఈ సీట్ల గురించి కూడా మొదట అదే అన్నాడు.

నెల్లూరు జిల్లా పాఠకులకు ఒక మనవి. జిమ్నీ సంగతి నాకు తెలుసు. 52వ సెక్షను తెలుసు.  దయచేసి సలహాలు పంపకండి. మీ దగ్గర తుప్పుపట్టని ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు, జానెడు ముక్క ఉంటే మాత్రం కబురు పెట్టండి, ట్రాక్టరు పంపిస్తాను.