అసలు హంతకుణ్ని వెంటబెట్టుకొచ్చే లాయరు కావలెను

లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ అటార్నీ హామిల్టన్ బర్గర్ గారి ఉద్యోగ భద్రత చూస్తే ఏ ప్రభుత్వోద్యోగికైనా కన్ను కుట్టాల్సిందే. 1957 నుంచి 1966 దాకా సీబీఎస్‌లో 271 ఎపిసోడ్లు నడిచిన ‘పెర్రీ మేసన్’ సీరియల్లో ఆయన పని ఒక్కటే. పోలీసులు పట్టుకొచ్చిన అమాయకుడి మీద హత్యానేరం మోపడం, డిఫెన్స్ లాయరు మేసన్ చేతిలో ఓడిపోవడం. అయినా ఒక మెమో లేదు, సంజాయిషీ లేదు, లూప్‌లైన్ పోస్టింగూ లేదు. మళ్లీ వారం అదే కోటు, అదే ధీమా. 1963లో ఒక్కసారి మేసన్ కక్షిదారు దోషి అని జ్యూరీ తేల్చింది. ఆ ఎపిసోడ్ పూర్తయ్యేలోగానే మేసన్ అసలు హంతకుణ్ని పట్టేసి ఆ ముచ్చటా తీరనివ్వలేదు.

ఇక ఆ ఊరి హంతకుల మర్యాద చెప్పనే అక్కర్లేదు. పారిపోరు, ముందస్తు బెయిలుకు పోరు, వాయిదా అడగరు. చక్కగా ఇస్త్రీ బట్టలు వేసుకుని కోర్టుకొచ్చి కూర్చుంటారు. మేసన్ నాలుగు ప్రశ్నలు వేసి కనుబొమ్మ ఎగరేయగానే ‘అవును, నేనే చంపాను!’ అని ఏడ్చేస్తారు. చాలాసార్లు వ్యవహారం ప్రాథమిక విచారణ దశలోనే ముగిసిపోతుంది. జ్యూరీకి కూర్చునే శ్రమ కూడా ఉండదు. మేసన్‌ను సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ స్వయంగా లాయరు. నిజం కోర్టుల్లో సాక్షులు ఇంత సహకరించరని ఆయనకు తెలియదనుకోవాలా?

నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఈ వినోదంలో ఒక తిరకాసుంది. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. సహేతుకమైన సందేహం మిగిలితే ముద్దాయి ఇంటికి పోవచ్చు. చట్టం అక్కడితో ఆగింది. సీరియల్ ఆగలేదు. సందేహం చాలదు, చంపినవాణ్ని కూడా డిఫెన్స్ లాయరే తెచ్చి అప్పగించాలంది. ‘ఇతను కాకపోతే మరెవరు?’ అని అడగడం ప్రేక్షకుడికి అలవాటైపోయింది. జవాబు చెప్పలేని ముద్దాయి దోషి కిందే లెక్క.

ఈ పాఠం ముందుగా తగిలింది పాపం బర్గర్ పాత్రధారికే. 1960 మార్చిలో ఒక పార్టీపై పోలీసులు దాడి చేసి నటుడు విలియం టాల్‌మన్‌ను అరెస్టు చేశారు. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషేనని వారం వారం ప్రసారం చేసే సీబీఎస్, కేసు తేలకముందే ఆయన్ను పీకేసింది. జూన్‌లో జడ్జి కేసు కొట్టేశారు. చానెల్ మనసు మాత్రం వెంటనే కరగలేదు. ప్రేక్షకులు ఉత్తరాలు రాసి, మేసన్ వేషం వేసే రేమండ్ బర్, నిర్మాత గెయిల్ పాట్రిక్ జాక్సన్ పట్టుబట్టాక గానీ ఉద్యోగం తిరిగి రాలేదు. ‘నేనే నేరస్థుణ్ని’ అని ఎవరూ లేచి ఏడవకపోవడమే ఆయన కేసులో లోపం కాబోలు.

సీరియల్లో మేసన్ కక్షిదారు దోషిగా తేలిన అదే 1963లో నిజమైన కోర్టులో ఏం జరిగిందో చూడండి. ఫ్లోరిడాలో ఒక పూల్ హాల్లో దొంగతనం కేసు పడ్డ క్లారెన్స్ గిడియన్‌కు లాయరును పెట్టుకునే స్థోమత లేదు. తన కేసు తానే వాదించుకుని జైలుకెళ్లాడు. అక్కణ్నుంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. పేద ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని కోర్టు తీర్పిచ్చింది. మళ్లీ జరిగిన విచారణలో లాయరు ప్రాసిక్యూషన్ సాక్షిని శుభ్రంగా క్రాస్ చేశాడు. జ్యూరీ గంటలో నిర్దోషి అంది. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ ఏడవలేదు.

మన దగ్గరైతే అంతదాకా రానివ్వం. అరెస్టయిన సాయంత్రానికే యాంకరు గారు శిక్ష ఖరారు చేస్తారు, ప్యానెల్ పెద్దలు ఏకగ్రీవంగా బలపరుస్తారు. ఫలానా ముద్దాయికి ఎవరూ వకాల్తా పుచ్చుకోరాదని కొన్ని బార్ అసోసియేషన్లు తీర్మానాలు కూడా చేశాయి. అలాంటివి చెల్లవని మన సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పాల్సి వచ్చింది. లాయర్లకు చెప్పింది సరే. రేపు పొరపాటున పోలీసులు మన తలుపే కొడితే, ‘ఇతను కాకపోతే మరెవరు?’ అన్న ప్రశ్న మనల్నే అడుగుతారని ప్రేక్షక మహాశయులకు ఏ కోర్టు చెప్పాలి?