రెండో ప్రతివాది: దేవుడు

ఇన్నేళ్లుగా ఫ్లాట్లు ఎవరివల్ల ఆలస్యమవుతున్నాయో మొత్తానికి తేలిపోయింది. 2020 మే 13న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ చేసిన ప్రకటనతో బిల్డర్లు కడిగిన ముత్యాల్లా బయటపడ్డారు. కరోనా 'ఫోర్స్ మెజ్యూర్', అంటే దైవఘటన. కాబట్టి మార్చి 25న గానీ, ఆ తర్వాత గానీ గడువు తీరే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదైన ప్రాజెక్టులన్నిటికీ ఆరు నెలలు అదనం. బిల్డరు అర్జీ పెట్టుకోనక్కర్లేదు. అవసరమైతే ఇంకో మూడు నెలలు.

బాగానే ఉంది. కానీ నేరం మోపాక ముద్దాయి వాదన కూడా వినాలి కదా! ఇకమీదట ప్రతి రెరా ఫిర్యాదులోనూ బిల్డరును మొదటి ప్రతివాదిగా, దేవుణ్ని రెండో ప్రతివాదిగా చేర్చడమే న్యాయం. సమన్లు అందజేయడమే కష్టం. లాక్‌డౌన్‌లో తిరుమలలోనే దర్శనాలు లేవు. గుడి తలుపుకు అంటించి రావలసిందే.

స్వామివారు దాఖలు చేయబోయే అఫిడవిట్ ఇలా ఉంటుంది:

"భూమిపూజ నాడు నన్ను పిలిచిన మాట నిజం. కొబ్బరికాయ కొట్టారు, బ్రోషర్ మీద నా బొమ్మ వేశారు. ఆ తర్వాత ఆ సైటులో నాకూ పని పడలేదు, మేస్త్రీకీ పని పడలేదు. రెరా చట్టం ఆరో సెక్షన్లో నా ఖాతాకు రాసినవి యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తులు. ఇసుక రేటు పెరగడం, కాంట్రాక్టరు అలిగి వెళ్లిపోవడం అందులో లేవు."

ఇక క్రాస్ ఎగ్జామినేషన్. నోయిడాలో ఆమ్రపాలి సంస్థ ఇళ్ల మాటేమిటని వకీలు నిలదీస్తాడు. "అక్కడ 42 వేల మందికి పైగా కొన్నారు. వాళ్ల డబ్బు దారి మళ్లిందని ఫోరెన్సిక్ ఆడిట్ తేల్చింది. 2019 జూలైలో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్ రద్దుచేసి, పని ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఆ ఆడిట్ నివేదికలో నా పేరుంటే చూపించండి. నా హుండీ లెక్కలు వేరు" అంటారు స్వామివారు.

మరి గురుగ్రామ్‌లో పయనీర్ సంస్థ ఒప్పందం? కొన్నవాడు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ కట్టాలి. బిల్డరు ఇల్లు ఆలస్యం చేసి, ఆపై డబ్బు వాపసు కూడా ఆలస్యం చేస్తేనే 9 శాతం ఇస్తాడు. "నుదుటిరాత మా బ్రహ్మ రాస్తాడు. ఆ క్లాజు మాత్రం బిల్డరు వకీలు రాశాడు. అది ఏకపక్షమని, కొనుగోలుదారు దానికి కట్టుబడనక్కర్లేదని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది."

చివరి ప్రశ్న దేవుడే వేస్తారు. "2014లో తాళాలిస్తామని ఒప్పందం రాసి, 2017లో రెరా వచ్చినప్పుడు గడువు 2020 జూన్ అని కొత్తగా రాయించుకున్న ప్రాజెక్టుకూ ఈ ఆరు నెలలు వర్తిస్తాయా? 2014లో నేను ఈ వైరస్‌ను పుట్టించనే లేదే!"

వర్తిస్తాయి. కోపం వచ్చేది అక్కడే.

లాక్‌డౌన్‌లో పనులు ఆగాయి. కూలీలు నెత్తిన మూటలతో వందల మైళ్లు నడిచారు. దాన్ని ఎవరూ కాదనరు. కానీ లాక్‌డౌన్‌కు ముందు రోజు, మార్చి 24న, సైటులో ఒక్క కూలీ అయినా ఉన్నాడా అని అడగకుండా అందరికీ ఒకే వరం ఎలా ఇస్తారు? బిల్డరుకు ఆరు నెలలు ఉచితం. కొన్నవాడికి అప్పటికి రిజర్వు బ్యాంకు ఇచ్చింది మూడు నెలల ఈఎంఐ మారటోరియం, అదీ వడ్డీ పెరుగుతూనే ఉండే మారటోరియం. ఇంటద్దె ఎప్పటిలాగే కట్టాలి. జీతంలో కోత పడ్డవాడు పూర్తికాని ఇంటికి ఈఎంఐ, ఉంటున్న ఇంటికి అద్దె కడుతుంటే, ఏళ్ల తరబడి మాట తప్పినవాణ్ని విపత్తు బాధితుడంటారా? ఇది ఉపశమనం కాదు, పాత మోసానికి కొత్త రసీదు.

కొన్నవాళ్లకు ఒక్క మాట. రెరాలో బిల్డరు రాసుకున్న కొత్త గడువు మీ ఒప్పందంలోని తేదీని చెరిపేయదని బాంబే హైకోర్టు 2017 డిసెంబరులోనే చెప్పింది. మీ తేదీ 2020 మార్చి 25కు ముందే దాటి ఉంటే, బిల్డరు పంపే కరోనా ఉత్తరానికి జవాబుగా ఆ పేజీ జెరాక్స్ జతచేసి, 18వ సెక్షన్ కింద నెలనెలా వడ్డీ అడగండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో ఆ రేటు ఎస్‌బీఐ గరిష్ఠ రుణరేటు ఎంసీఎల్‌ఆర్‌కు మరో 2 శాతం అదనం.