తగ్గిన బాడీ, బరువెక్కిన సంచి

ఫోటోగ్రాఫర్ల మెడనొప్పికీ, చూపులోని లోపానికీ ఒకే మందు దొరికిందనీ, దాని పేరు మిర్రర్‌లెస్ అనీ సాగుతున్న ప్రచారం మన కాలపు భక్తి ఉద్యమాలలో ఒకటిగా నమోదు కాదగినది. లెన్సు గుండా వచ్చిన కాంతిని అద్దంతో పైకి మళ్లించి, పెంటాప్రిజం అనే గాజు దిమ్మె ద్వారా కంటికి చేర్చేది డీఎస్ఎల్ఆర్. ఆ అద్దాన్ని తొలగించి, సెన్సర్ గ్రహించిన దృశ్యాన్నే వ్యూఫైండర్‌లోని చిన్న తెరపై చూపేది మిర్రర్‌లెస్. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ వంశంలో 2018లో కెనాన్, నికాన్ సంస్థలు ఫుల్‌ఫ్రేమ్, అంటే పాత 35 మి.మీ. ఫిల్ము చట్రమంత సెన్సర్ గల కెమెరాలను దింపగానే, అంతవరకు మెడలో హోదాగా వేలాడిన డీఎస్ఎల్ఆర్ మోయరాని గుదిబండగా మారిపోయింది.

బాడీ బరువు తగ్గిన మాట నిజమే. బ్యాటరీ, కార్డులతో కలిపి 890 గ్రాములు తూగే కెనాన్ డీఎస్ఎల్ఆర్ 5డీ మార్క్ 4 నుంచి 660 గ్రాముల మిర్రర్‌లెస్ ఈఓఎస్ ఆర్‌కు మారినవారికి 230 గ్రాముల మోక్షం లభిస్తుంది. అయితే లెన్సు లేని బాడీ ఫోటో తీయదన్న అల్ప విషయం ప్రచారకుల దృష్టికి రాదు. అదే సంస్థ 50 మి.మీ. ఎఫ్/1.2 లెన్సు డీఎస్ఎల్ఆర్‌కు సుమారు 580 గ్రాములుండగా, అంచుల దాకా మరింత స్పష్టతనిచ్చేలా రూపొందిన మిర్రర్‌లెస్ లెన్సు 950 గ్రాములకు చేరింది. అంటే భారం దించుకోబోయిన భక్తుడు అదనంగా 140 గ్రాములు మోస్తున్నాడన్నమాట. అద్దం పోయినందువల్ల లెన్సు బిగించే చోటికీ సెన్సర్‌కూ మధ్య దూరం 44 మిల్లీమీటర్ల నుంచి 20కి తగ్గింది గాని, ఎఫ్/1.2 వద్ద కాంతికి కావలసిన సుమారు 42 మిల్లీమీటర్ల ద్వారం ఏ కొత్త పేరు పెట్టినా తగ్గదు.

తెర నిరంతరం వెలుగుతూ ఉండాలి కనుక బ్యాటరీ ఖర్చూ పెరిగింది. కెమెరా తయారీదారుల సంఘమైన సీపా ప్రమాణం ప్రకారం ఒక్క చార్జింగ్‌తో నికాన్ డీఎస్ఎల్ఆర్ డీ850 1,840 ఫోటోలు తీస్తే, మిర్రర్‌లెస్ జెడ్7 330తో సరిపెట్టుకుంది. మిగిలిన లెక్కను సంచిలోని అదనపు బ్యాటరీలు పూరిస్తాయి. చప్పుడు లేని షట్టర్ మరో మహిమ. జీలకర్ర బెల్లం పెట్టే వేళ గట్టిమేళం మండపాన్ని దద్దరిల్లజేస్తుండగా, షట్టర్ టిక్కుమన్న శబ్దానికి ముహూర్తం చెడుతుందని భయపడినవారు దాన్నే ఆశ్రయిస్తారు. అప్పుడు సెన్సర్ దృశ్యాన్ని వరుసలవారీగా చదువుతుంది కనుక, రెపరెపలాడే ఎల్ఈడీ దీపాల కింద వధూవరుల ముఖాలపై నల్లని చారలు వెలుస్తాయి. ఇక పాత సామగ్రిని అమ్మి కొత్తది కొనే విషయంలో మాత్రం అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతే చెల్లుతుంది.

కంటిని గుర్తించి ఫోకస్ చేయడం, ఎక్స్‌పోజర్ ఫలితాన్ని ముందే చూపడం మిర్రర్‌లెస్ సాధించిన నిజమైన ప్రయోజనాలు. మైక్రో ఫోర్ థర్డ్స్ వంటి చిన్న సెన్సర్ కెమెరాలలో లెన్సులు కూడా నిజంగానే చిన్నవి. ఆ ప్రయోజనాల కోసం మారేవారిని తప్పుపట్టనక్కరలేదు. బరువు తగ్గుతుందని మారదలచినవారు మాత్రం బాడీని కాక, లెన్సులూ బ్యాటరీలూ సర్దిన సంచినే తూకం వేయాలి. ఫోటో బాగుపడుతుందని మారదలచినవారికి ఏ తూకమూ సాయపడదు.