కండరాన్ని వినే సూది కథ

పైకి మందు ఎక్కించే సూదిలాగే కనిపించినా, ఈ సూదికి పుట్టుకతో అప్పగించిన పని వినడం. ఉక్కు గొట్టం నడుమ దానికి తగలకుండా అమర్చిన సన్నని ప్లాటినం తీగ, 0.07 చదరపు మిల్లీమీటర్ల మొనతో, దగ్గరి కండరపు పోగుల విద్యుత్తును పట్టి యంత్రానికి అందిస్తే, అది తెర మీద గీతగాను స్పీకరులో చప్పుడుగాను మారుతుంది. ఎలక్ట్రోమయోగ్రఫీ అనే ఈ పరీక్షకు ఇటువంటి సూదిని 1929లో ఏడ్రియన్, బ్రాంక్ పరిచయం చేశారు.

ఈ సూది వంశానికి గర్వకారణం మూత్రమార్గాన్ని చుట్టి బిగించి ఉంచే సంవరణి కండరం. తక్కిన కండరాలు చాలావరకు విశ్రాంతిలో మౌనం వహిస్తే, ఇది నిద్రలో సైతం పలుకుతూనే ఉండి, మూత్రం వదిలేటప్పుడు మాత్రమే ఆగుతుంది. అలా ఆగమనే ఆజ్ఞ మెదడు కాండం నుంచి బయలుదేరి, వెన్నుపాము చివర త్రిక భాగంలోని రెండు, మూడు, నాలుగో ఖండాలకు చేరాలి. దారిలో వెన్నుపాము దెబ్బతింటే, మూత్రాశయం ముడుచుకునే క్షణంలోనే సంవరణి కూడా బిగుసుకుని, ఒత్తిడి మూత్రపిండాల దాకా పాకవచ్చు. 1965 మే 29న ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో వెన్నుకు తూటా తగిలి నడక కోల్పోయిన మేజర్ అహ్లూవాలియా కృషితో ఢిల్లీ వసంత్‌కుంజ్‌లో వెలసిన ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ వంటి చోట ఈ చిక్కు కొత్తదేమీ కాదు.

వెన్నుకు ఏ దెబ్బా తగలని యువతులకు మూత్రం నిలిచిపోతే, అది మనసు జబ్బని వైద్యులు చాలాకాలం కొట్టిపారేశారు. 1980లలో లండన్‌లో క్లేర్ ఫౌలర్ బృందం ఇటువంటి సూదితోనే విని, సడలవలసిన సంవరణి ఎడతెగని విద్యుత్ స్పందనలతో సడలలేకపోతున్నదని చూపింది. ఆ చప్పుడును నీటి అడుగున తిమింగలాల పాటతో పోల్చారు.

ఈ సూది మాత్రం ఢిల్లీలోని ఒక ఆసుపత్రి సొరుగులో, పైకాగితమైనా చిరగకుండా, గడువు దాటేదాకా పడి ఉన్నది. గుచ్చితే నొప్పి కలుగుతుందన్నదీ, గుచ్చే చేతికి అనుభవం కావాలన్నదీ నిజమే; కాని దీనికి బదులు చర్మానికి అతికించే పట్టీ చుట్టుపక్కల కండరాల సందడినంతా కలిపి వింటుంది కనుక, ఆ సన్నని సంవరణి మాట అందులో కలిసిపోతుంది. మూత్రం నిలిచిపోయిన ఒక అమ్మాయికి ఏ నాడీ పరీక్షా చేయకుండానే క్యాథెటర్ వేసి, దిగులే కారణమని చెప్పి పంపిన రోజున కూడా సొరుగు తెరుచుకోలేదు. ఒక్క రోగికి వాడి పారవేయడం ఈ సూదికి అవమానం కాదు, అది తరువాతి రోగికి జబ్బు సోకకుండా కాపాడే నియమం. వాడిన సూదుల కోసం 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు నిర్దేశించిన, గుచ్చినా చిల్లు పడని తెల్లని పెట్టెలోకి, ఒక్క కండరాన్నైనా వినకుండా చేరవలసి రావడమే దీని బాధ.