టోను నాచారంలో, నిద్ర ఉప్పల్లో

ఎలక్ట్రిక్ గిటారు టోను తీగ దగ్గర మొదలై చెవి దగ్గర తేలే వ్యవహారం. దారిలో మూడు మజిలీలు: గిటారు, యాంప్లిఫయరు, స్పీకరు క్యాబినెట్. కొనేవాడి డబ్బు మొదటి మజిలీలోనే చాలావరకు దిగిపోతుంది. టోను బాగా మారేది ఆఖరి మజిలీలో. హైదరాబాద్ హబ్సిగూడలో పనుండి నాగోలులో మెట్రో ఎక్కినవాడు, మొదటి స్టేషన్ ఉప్పల్లోనే జేబు ఖాళీ చేసుకున్నట్టు ఉంటుంది యవ్వారం.

వీణకైతే కర్రే ప్రాణం. బొబ్బిలిలో పనస మానును తొలిచి చేసే వీణకు నాదాన్ని పెంచే కుండ ఉంటుంది. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారుకు ఆ కడుపే లేదు. ఉక్కు తీగ కదిలితే, దాని కింద అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన పికప్‌లో కరెంటు పుడుతుంది. నాచారం పారిశ్రామిక వాడలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్‌కు పికప్ విప్పి చూపిస్తే, ఇంత చిన్న మోటారుతో ఏ బావి తోడతారని అడుగుతాడు. చెక్క మహాగనీయా, ఆల్డరా అని రాత్రంతా వాదించుకునేవారు ఈ చుట్ల గురించి పది నిమిషాలు మాట్లాడరు. చెక్క ప్రభావం సున్నా అనలేం గానీ, పికప్ రకం, అది తీగ కింద ఎక్కడ కూర్చుందన్నది, తీగ పొడవు దానికంటే చాలా పెద్ద సంగతులు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు తీగ పొడవు 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్‌కు సుమారు 24.75. అదే శ్రుతికి పొడుగు తీగను ఎక్కువ బిగించాలి కాబట్టి ఫెండర్ పలుకు గణగణమంటుంది.

ఒంటి చుట్ట పికప్‌కు ఒక దురలవాటు ఉంది. గదిలో ట్యూబ్‌లైటు చోకు, ఫ్యాను రెగ్యులేటరు ఏం గొణిగినా వినేసి, మన 50 హెర్ట్జ్ కరెంటు సొదతో కలిపి స్పీకరుకు చేరవేస్తుంది. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు పెట్టిన హంబకర్ దీనికి మందు. రెండు చుట్టలు, ఒకదానికొకటి తలకిందులు. వియ్యంకులిద్దరూ లాంఛనాల దగ్గర చెరోవైపు సమానంగా లాగితే గొడవ గొడవకు చెల్లిపోయి పెళ్లి మాత్రం జరుగుతుంది కదా, ఇదీ అంతే: సొద చెల్లిపోతుంది, తీగ పలుకు రెట్టిస్తుంది.

విద్యుత్తు వల్ల వాద్యం ఎంత మారుతుందో చూపడానికి రాక్ బ్యాండ్ల దాకా పోనక్కర్లేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చాలు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా 8 తీగలు. నాదం నిలవదు, జత తీగలు గమకానికి లొంగవు. ఆయన 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, నిలవని నాదాన్ని నిలబెట్టి, కర్ణాటక సంగీతం మొత్తం వాయించారు.

ఇక ట్యూబ్ యాంప్. ఇది తాతగారి వాల్వు రేడియోకు పూనకం వచ్చిన రూపం. మీట తిప్పగానే పలకదు. లోపల నారింజ వెలుగు, కాలుతున్న దుమ్ము వాసన, ఆపైన గొంతు సవరించుకోవడం, అన్నీ అవే. పోలిక ఊరికే చేసింది కాదు. రేడియోల్లో పనిచేసిన ఈఎల్84 వాల్వులనే నాలుగు పెట్టి వాక్స్ ఏసీ30 తయారుచేశారు. వాల్వు మీద మోయగలిగిన దానికంటే ఎక్కువ భారం వేస్తే ట్రాన్సిస్టర్ లాగా అంచులు తెగ్గొట్టదు, గుండ్రంగా నలుపుతుంది. జనం డబ్బు పోసేది ఆ నలుగుడుకే. చిక్కేమిటంటే సౌండు పెంచితేనే అది నలుగుతుంది. మెల్లగా వాయిస్తే ట్యూబ్ యాంప్ ఖరీదైన రేడియో, అదీ వార్తలు రానిది.

ఈ యాంప్‌లు కొన్ని అమెరికా నుంచి బావగారి సామానులో దిగుతాయి. వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు యాంప్. వెనక 120 వోల్ట్స్ అని రాసి ఉంటుంది, దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఉప్పల్ గోడలోని 230కి తగిలిస్తే ముందు ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాకే పెట్టె విప్పాలి.

వాట్ల విషయంలో బేరాలు ఇంకా విచిత్రం. 100 వాట్ల యాంప్ బదులు 50 వాట్లది కొంటే చప్పుడు సగమవుతుందని ఇంట్లోవారికి మాటిస్తారు. తగ్గేది 3 డెసిబెళ్లే. చెవికి సగం అనిపించాలంటే 10 వాట్లకు దిగాలి.

మూడోది క్యాబినెట్, ముద్దుగా క్యాబ్. అందరూ చెక్కపెట్టె అని తీసిపారేసేది ఇదే. పన్నెండంగుళాల గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన పై స్వరాలను పలకదు. ఆ లోపమే దాని గొప్ప. బాగా నలిగిన గిటారు సిగ్నల్‌ను క్యాబ్ లేకుండా నేరుగా హోమ్ థియేటర్‌లోకి పంపితే, దోమల బ్యాటుకు గుంపుగా దోమలు తగిలినట్టు వినిపిస్తుంది. క్యాబ్ ఆ చిటపటలను మింగేసి మిగిలిందాన్ని సంగీతం చేస్తుంది. వెనక తెరిచిన క్యాబ్ గదంతా పరుచుకుంటుంది, మూసినది ముందుకు గుద్దుతుంది. జిమ్ మార్షల్ మనుషులు 1960ల తొలినాళ్లలో ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌నే చూసి తమ మార్షల్ యాంప్ కట్టారు. కాకపోతే వాల్వులు వేరు, కింద పెట్టిన పెట్టె మూసిన పెట్టె, అందులో నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు. పక్కింటి సాంబారు చూసి తమ చింతపండుతో వండితే ఉలవచారు తేలినట్టు, వేరే ధ్వనే పుట్టింది. అలాంటి క్యాబ్ 30 కిలోలు దాటుతుంది. పాతిక కిలోల సోనా మసూరి బస్తాను మూడో అంతస్తుకు మోసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు.

స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఓమ్‌లు కూడా సరిపోల్చుకోవాలి: 8కి 8, 16కి 16.

ఈ మజిలీలను సరిగ్గా పోల్చాలంటే వాయించే చేతిని పక్కన పెట్టాలి. ఒకే ముక్కను, వాయించింది మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ పెడల్‌లో నింపి ఒక్కో యాంప్‌లోకి, ఒక్కో క్యాబ్‌లోకి పంపాలి. వినేవారు కర్టెన్ అవతల కూర్చోవాలి. అన్నిటి సౌండూ సమానంగా పెట్టాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించిందే మంచిదనిపిస్తుంది. ఇది చెవికి బలహీనత, టీవీ చర్చలకు బలం. ఇలా చేస్తే క్యాబ్ మారిందని దాదాపు అందరూ కనిపెడతారు, యాంప్ మారిందని చాలామంది, చెక్క మారిందని ఆ గిటారు సొంతదారు. అది కూడా కర్టెన్ తీశాక.

ఇంతకీ ఈ పరీక్ష ఎక్కడ పెట్టాలి? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. మంచి గిటారు స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెళ్లు వస్తాయి. అక్కడే 55 దాటకూడదంటే వాటులో ముప్పై వేలవ వంతు చాలు. గోడలూ దూరమూ కొంత ఆదుకున్నా, ఉప్పల్ కాలనీ ఇంట్లో యాంప్‌ను నలిపే పరిస్థితి లేదు. పైగా పక్కనే, భూకంపాలను అధ్యయనం చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉంది. వారికి లేనిపోని పని కల్పించకూడదు. నాచారం పారిశ్రామిక వాడలో షెడ్డు దొరికితే అదే మేలు. ఎన్.టి.రామారావు స్టూడియో కట్టిన ఊరు, పెద్ద గొంతు దానికి కొత్త కాదు.

షెడ్డు దొరకనివారు ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ముహూర్తం పెట్టుకోవచ్చు. ఆ పూట ఉప్పల్లో ఏ చప్పుడు ఎవరిదో తేల్చడం కష్టం. రాత్రి పది కాగానే మాత్రం స్విచ్ ఆపాలి. వాల్వులు చల్లారేదాకా యాంప్‌ను కదపొద్దు.