ఇంటిపేరు ముందా, వెనకా?

గుడివాడ చుట్టుపక్కల ఇంటికొకరు అమెరికాలో ఉంటారని అంటారు. అదెంత నిజమో గానీ, ఆ ఒక్కరి కోసం ఇంట్లో మిగిలిన నలుగురూ పాస్‌పోర్టు దరఖాస్తులు పెట్టుకుంటారన్న మాటకి నేను పూచీ. కూతురి పురుడికి అమ్మ వెళ్లాలి, మనవడి అన్నప్రాశనకి తాతగారు వెళ్లాలి. మా బంధువర్గంలో ఆ దరఖాస్తులు నింపే ఉద్యోగం నాది. జీతం లేదు, కాఫీ ఉంది.

పాస్‌పోర్టు వాళ్ల కోరిక పాపం చిన్నదే. మనిషన్నాక ఒక పేరు, ఒక పుట్టినరోజు, ఒక పుట్టిన ఊరు ఉండాలంటారు. మా డెల్టాలో ఇవి మనిషికి తలా రెండు మూడు ఉంటాయి. వాటిలో ఏదీ అబద్ధం కాదు, అదే చిక్కు.

ముందు పేరు సంగతి. పెదనాన్నగారిని పాత పాస్‌పోర్టు ఏదైనా ఉంటే తెమ్మన్నాను. బీరువాలోంచి పట్టాదారు పాస్‌బుక్కు తీసుకొచ్చి నా ముందు పెట్టారు. "అయిదెకరాలకి ప్రభుత్వం ఇచ్చిన పుస్తకం ఇదుండగా ఇంకో పుస్తకం ఎందుకురా?" అన్నారు. అందులో ఇంటిపేరు నిండుగా ఉంది. బడి సర్టిఫికెట్లో ఒక్క పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు చెల్లవు, విడమరిచి రాయాల్సిందే. రాద్దామంటే మా ఇంటిపేరు చివర ఇంగ్లీషులో పెదనాన్నగారు ఐ పెడతారు, బాబాయి వై పెడతాడు. తద్దినం కలిసే పెడతారు గానీ అమెరికా లెక్కలో వాళ్లిద్దరివీ వేరే వంశాలు.

ఆపైన ఫారంలో రెండు గళ్లు. ముందు గడిలో మనిషి పేరు, రెండో గడిలో ఇంటిపేరు. పుట్టిన దగ్గర్నించీ ఇంటిపేరు ముందు రాసుకున్నవాళ్లం, చెయ్యి ఊరుకుంటుందా? అలా రాసి వెళ్లిన మా అన్నయ్య కొడుకుని అక్కడి ఆఫీసులో పాతికేళ్లుగా ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు. ఇంటికి ఫోన్ చేసి అదే పేరు పలికితే అయిదుగురు లేస్తారు. పోనీ రెండో గడి ఖాళీగా వదిలేద్దామా అంటే, అమెరికా వీసా మీద ఉన్న ఒక్క పేరునీ ఇంటిపేరు కింద జమకట్టి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చువేస్తారు. పేరు తెలియదని దాని భావం. బారసాల నాడు బియ్యంలో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు వాళ్లకి తెలియదట! దుబాయి వాళ్లు మరీ తెగేసి చెప్పారు. 2022 నవంబరు నుంచి పాస్‌పోర్టు మీద ఒంటి పేరుంటే విజిట్ వీసా లేదన్నారు.

పుట్టినరోజుల సంగతి ఇంకా వినోదం. బడిలో వేసినప్పుడు వయసు చాలకపోతే మాస్టారే ఒక తేదీ రాసుకునేవారు. అది సాధారణంగా జులై 1. ఆధార్ తీసినప్పుడు తేదీ తెలియనివాళ్లకి ఉజ్జాయింపు సంవత్సరం వేసి జనవరి 1 పెట్టారు. ఆ లెక్కన మా తరంలో బడికెళ్లినవాళ్లు జులై 1న, వెళ్లనివాళ్లు జనవరి 1న పుట్టారు. మిగిలిన రోజుల్లో మంత్రసానులు ఏం చేసేవారో తెలియదు.

దివిసీమలో కాలాన్ని ఉప్పెనతో కొలుస్తారు. నాగాయలంక వైపున్న మా మేనత్తని పెళ్లెప్పుడైందని అడిగితే "ఉప్పెనకి ముందు మాఘంలో" అంటుంది. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్లమీదికొచ్చి పదివేలమందికి పైగా మనుషుల్నే తీసుకుపోయింది. ట్రంకు పెట్టెలో కాగితాల మాట అప్పుడు ఎవరికి కావాలి? పుణ్యానికి 2016 డిసెంబరులో నిబంధన సడలించి, పుట్టిన తేదీకి ఆధార్, పాన్, ఓటరు కార్డు, ఆఖరికి ఎల్ఐసీ పాలసీ అయినా చాలన్నారు. అత్తయ్య ఆ ఎల్ఐసీ దయవల్ల గట్టెక్కింది.

గట్టెక్కి కౌంటరు దగ్గర ఆగింది. "భర్త పేరు చెప్పండమ్మా" అన్నాడు అక్కడి కుర్రాడు. అత్తయ్య నావైపు చూసింది. ఆవిడే చెప్పాలన్నాడు. "మోపిదేవి స్వామి పేరు నాయనా" అంది. ఆ కుర్రాడిది ఏ ఊరో, మోపిదేవిలో ఏ స్వామి ఉంటాడో తెలియక కంప్యూటరు వంక చూశాడు. వెనక వరసలో ఉన్న పెద్దాయన జాలిపడి "సుబ్రహ్మణ్యం అని కొట్టు బాబూ" అన్నాడు.

తర్వాత పోలీసు విచారణ. మన నడవడి మంచిదని ఇరుగుపొరుగులో ఇద్దరు చెప్పాలి. పెదనాన్నగారి పక్క చేను ఆసామితో గట్టు తగాదా తాతల నాటిది. ఆయన మాత్రం వెంటనే సంతకం పెట్టేశాడు. "వెళ్లి రానీ, అక్కడే ఉండిపోయినా మంచిదే" అన్నాడట.

నిజానికి పరదేశాల రాకపోకలు మా బందరుకి కొత్త కాదు. డచ్చివాళ్లు 1605 ప్రాంతంలోనే దిగారు. ఇంగ్లీషువాళ్ల ఓడ గ్లోబ్ 1611లో వచ్చింది. ఫ్రెంచివాళ్లూ వచ్చారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట అని పేటలకి పేర్లు మిగిల్చి మరీ కాపురాలు చేశారు. వాళ్లని ఇంటిపేరు ఏ గడిలో రాశావని అడిగినవాడు లేడు. గోల్కొండ సుల్తాను ఫర్మానా ఉంటే వ్యాపారం సాగేది. బందరు డచ్చి శ్మశానంలో రాళ్లమీద పేర్లూ తేదీలూ చెక్కి ఉన్నాయి. మా పెదనాన్నగారి బడి సర్టిఫికెట్టు కంటే అవే స్పష్టంగా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, అప్పట్లో చీటీ అడిగింది వచ్చినవాళ్లే! మన సముద్రంలో మన ఓడ తిరగాలంటే పోర్చుగీసువాళ్ల దగ్గర కార్తాజ్ అనే అనుమతి పత్రం కొనుక్కోవాలి. అది లేని ఓడని పట్టుకునేవారు.

మొదటి ప్రపంచయుద్ధం పుణ్యమా అని పాస్‌పోర్టు అందరి మెడకీ చుట్టుకుంది. స్వరాజ్యం వచ్చాక కూడా ఇవ్వాలా వద్దా అన్నది సర్కారు దయ. దాన్ని హక్కు చేసిన తీర్పు రాజమండ్రివారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారిది. విదేశాలకి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తులు అవునని, ఇద్దరు కాదని తేల్చారు. మర్నాడే ఆయన రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారనుకోండి, అది వేరే కథ. ఆ తీర్పు వల్లే అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఈ సంగతి పెదనాన్నగారికి చెబితే "మనవాడే అయ్యుండి, ఇంటిపేరు ముందు రాయొచ్చని కూడా ఒక ముక్క రాయాల్సింది" అన్నారు.

ఆయన గత నెల డల్లాస్ చేరారు. దరఖాస్తులు ఇంకా వస్తూనే ఉన్నాయి కాబట్టి నాదొక మనవి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి ఎల్ఐసీలూ ఓటరు కార్డులూ పనికిరావు, జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో రాయించండి. రాయించబోయే ముందు ఇంటిపేరు చివర ఐ పెట్టాలో వై పెట్టాలో బాబాయిని కూడా పిలిచి తేల్చుకోండి.