దమయంతి పటం కథ

కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరులో ఒక పాత ఇంటి గోడకు వేలాడే ఈ హంస దమయంతి పటం చిత్రకారుడు రాజా రవివర్మ చిత్రానికి అచ్చు నకలు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతి పలకను వాడి, ఒకదానిపై ఒకటిగా అద్ది, తైలవర్ణ చిత్రపు మెరుపు వచ్చేటట్టు తయారుచేసే ఇటువంటి అచ్చును ఓలియోగ్రాఫ్ అంటారు. 1894లో బొంబాయిలో రవివర్మ ముద్రణాలయం వెలిశాక ఇవి చౌకయి, అంతవరకు ఎక్కువగా రాజుల మేడలకే పరిమితమైన రవివర్మ పురాణ నాయికలు సామాన్యుల ఇళ్లకు చేరారు. ఈ పటం కూడా అలాగే పుట్టింది. కాని దాని అసలు బతుకు నాటకం వాళ్ల నడుమ గడిచింది.

రాయలసీమలో అది పద్యనాటకం వికసిస్తున్న కాలం. హార్మోనియం శ్రుతిలో పద్యాన్ని రాగయుక్తంగా ఆలపిస్తూ అభినయించే ఈ నాటకాన్ని కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన కుటుంబ సమాజం ఊరూరా తిప్పగా, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పాటలను, పద్యాలను కలిపి చిత్రనళీయం వంటి నాటకాలు రచించి ఆడించారు. నలుని కథ రంగమెక్కడంతో దమయంతికి చీర కట్టవలసివచ్చింది. అదే కాలంలో లండన్ సంగీత రంగస్థలానికి పెర్సీ ఆండర్సన్ వంటి చిత్రకారులు పాత్రపాత్రకు నీటిరంగులతో వేషపు నమూనా గీసి ఇచ్చేవారు. ఇక్కడ ఆ పని బజారులో దొరికే పటం చేసింది.

పటాన్ని వేషంగా నకలు చేయడమంటే ఉన్నదున్నట్టు దించడం కాదు. గోడమీది దమయంతిని మూరెడు దూరం నుంచి చూస్తారు; రంగంమీది దమయంతి పందిరి చివర కూర్చున్నవారికి కూడా కనబడాలి. అందుకే పటంలో సన్నగా ఉన్న చీర అంచు పక్కన నాటక సమాజపు దర్జీ పెన్సిలుతో రెండు గీతలు గీసి బెత్తెడు వెడల్పు చేశాడు. నడుము దగ్గర ఉన్న మరో గీత మరింత విలువైనది: దమయంతి వేషంలో దీర్ఘంగా రాగం తీసే నటునికి ఊపిరి నిండా పీల్చుకోవడానికి వీలుండాలి కాబట్టి, వడ్డాణం బిగువుగా కనబడుతూనే లోపల వదులుగా ఉండేటట్టు వెనుక తాడు కట్టాలని ఆ గీత చెబుతుంది. నూనెదీపాల పసుపు వెలుతురులో నీలం నల్లబడిపోతుంది. అందువల్ల రవికకు వేరే రంగు గుడ్డను ఎంచి, దాని తునకను భుజం వద్ద గుండుసూదితో గుచ్చారు. తునక రాలిపోయింది, తుప్పు మరక మిగిలింది. బంగారు నగలకు బదులు తేలికైన పొణికికర్రతో చెక్కి, తళతళలాడే బేగడ కాగితం అతికించిన భుజకీర్తులను, అనగా భుజాలపై రెక్కలవలె నిలిచే ఆభరణాలను, పటంలో లేకపోయినా పక్కన గీసి చేర్చారు. ఆ గీత వీధి భాగవతం నుంచి వచ్చినదే తప్ప రవివర్మది కాదు.

ఇప్పుడు పాత అచ్చులను సేకరించేవారు చిత్రకారుని పేరు, ముద్రణాలయం పేరు చూసి వెల కడుతున్నారు. పెన్సిలు గీతలున్న ప్రతిని పాడైపోయినదిగా పక్కన పెడుతున్నారు. తన వివరాల పట్టీలో ఆ గీతలను, గుండుసూది రంధ్రాన్ని, తుప్పు మరకను కొలతలతో సహా నమోదు చేసి, నాటక వేషాల చిత్తుపటాల వరుసలో తనను చేర్చాలన్నది ఈ పటం కోరిక.